ఏడో నంబరు కాగితం

పందొమ్మిదో భాగం

పోయిన వారం మనం డాక్టర్ రాజరాజేశ్వరిని హైటెక్ సిటీలో ఒక భవనం ఏడో అంతస్తులో, పరీక్షల గది గుమ్మంలో, చేతిలో పాత ప్లాస్టిక్ కవరుతో వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళ్దాం.

రాజరాజేశ్వరి మెదడు దెబ్బతిన్నవాళ్లను పరీక్షించే మనిషి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో జ్ఞాపకం ఎంత మిగిలింది, ఆలోచన ఎంత మిగిలింది అని బొమ్మలు గీయించి, ప్రశ్నలడిగి మార్కులు వేసే స్కేలును తెలుగులో తయారు చేసింది. పదహారేళ్లుగా ఆసుపత్రుల్లోనూ కోర్టుల్లోనూ దాన్ని రాజరాజేశ్వరి స్కేలు అనే అంటున్నారు. ఈ శుక్రవారం శ్యామ్ అనే ఆయన కంపెనీ దాన్ని ట్యాబ్‌లోకి ఎక్కించి విడుదల చేయబోతోంది. సరిగ్గా ఆ వారమే, మంగళవారం నాడు, పుప్పాలగూడ నుంచి గొర్రెల కాపరి ఎల్లేశం, ఆయన భార్య పోచమ్మ వచ్చారు. తొమ్మిదేళ్ల కిందట నీళ్ల ట్యాంకరు గుద్ది ఎల్లేశం తలకు దెబ్బ తగిలింది. అతని మెదడు బాగా దెబ్బతిన్నదనీ, సొంత వ్యవహారాలు చూసుకోలేడనీ రిపోర్టు ఇచ్చారు. ఆ రిపోర్టు పట్టుకుని కోర్టు ఆయన వేలిముద్ర చెల్లదంది, తమ్ముడు కొమురయ్యను సంరక్షకుడిగా పెట్టింది. ఇప్పుడు కొమురయ్య మిగిలిన కాస్త భూమిని, గొర్రెల దొడ్డితో, తల్లిదండ్రుల సమాధులతో సహా అపార్టుమెంట్లు కట్టేవాళ్లకు ఇచ్చేస్తానని కోర్టును అనుమతి అడిగాడు. విచారణ గురువారం. వీళ్లను ఇక్కడికి వెంటబెట్టుకొచ్చింది రాజరాజేశ్వరి దగ్గరే పనిచేసే హర్షిణి. పుట్టి పెరిగింది పుప్పాలగూడలోనే, ఎల్లేశం ఆ అమ్మాయికి ఊరి వరసలో పెదబాపు, అంటే పెదనాన్న. ఇక ఆ రిపోర్టు కింద సంతకం ఎవరిదో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు, రాజరాజేశ్వరిదే.

కవరులో ఉన్న ఆ రిపోర్టు చదవడం అయిపోయాక కూడా రాజరాజేశ్వరి కాసేపు చదువుతున్నట్టే నిలబడింది. ఆఖరి వాక్యం దగ్గర చెవులు వేడెక్కాయి. 'ఈ వ్యక్తిని నేను స్వయంగా రెండు గంటలపాటు పరీక్షించాను' అని ఉంది. ఎదురుగా కూర్చున్న ముఖాన్ని ఎంత తేరిపార చూసినా ఎక్కడా చూసినట్టు లేదు.

"కూర్చోండి" అంది. వాళ్లు వచ్చిన దగ్గర్నుంచీ కూర్చునే ఉన్నారు.

పోచమ్మ నవ్వలేదు. ఒళ్లో సంచీ పెట్టుకుని, మనిషి మొత్తం ఆ సంచీ చుట్టూ ముడుచుకుని కూర్చుంది. ఎల్లేశం మాత్రం ఏసీ గాలి ఎటునుంచి వస్తుందా అని పైకి చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, తెల్లటి మీసం, భుజం మీద తువ్వాలు. కనుబొమ్మ మీద పాత దెబ్బ మచ్చ.

"మేడమ్, పొద్దున మన స్కేల్ ప్రకారమే పెదబాపుకి టెస్ట్ చేసిన" అంది హర్షిణి. "పెన్సిల్‌తో బొమ్మ గీసే దాంట్ల ముప్పైకి ఆరు వచ్చినయ్. ఇప్పుడు మీ ముందట ఇంకో తీరు చేస్త. చూస్తరా?"

వద్దనడానికి కారణం దొరకలేదు. రాజరాజేశ్వరి కుర్చీ లాక్కుంది.

హర్షిణి బల్ల మీద ట్యాబ్ పక్కకు జరిపి, తన సంచీలోంచి ఒక కొబ్బరి చీపురు కట్ట తీసింది. పుల్లలన్నీ జానెడు జానెడుగా సమంగా తుంచి ఉన్నాయి. గాజు తలుపులు, తెల్ల బల్లలు ఉన్న ఆ గదిలో చీపురు పుల్లలు చూసి ఇంకో రోజైతే రాజరాజేశ్వరి చురక వేసి ఉండేది. హర్షిణి ఒక అట్టను ఎల్లేశం ముందు నిలబెట్టింది. దాని మీద రాజరాజేశ్వరి తన చేత్తో పదిహేడేళ్ల కిందట గీసిన గీతల బొమ్మ ఉంది. ఒక దీర్ఘచతురస్రం, దాని మీద త్రికోణం, లోపల అడ్డగీతలు, పక్కన ఒక సిలువ, కింద మూడు చిన్న గీతలు. వేలమంది రోగులు గీసిన బొమ్మ అది.

"పెదబాపూ, గీ బొమ్మ ఎట్లున్నదో పుల్లలతోని అట్లనే పేర్చాలె."

"పెన్సిల్ వద్దా?"

"వద్దు."

ఎల్లేశం ఊపిరి వదిలాడు. పొద్దున పెన్సిలు పట్టుకున్నప్పుడు ఆయన వేళ్లు కొయ్యబారిపోయాయని హర్షిణి తర్వాత చెప్పింది. ఇప్పుడు ఆ వేళ్లే పుల్లలను ఒక్కొక్కటిగా తీసి, వంకర ఉన్నదాన్ని పక్కన పెట్టి, నిటారుగా ఉన్నదాన్ని ఎంచుకుంటున్నాయి.

"గిది దొడ్డి లెక్కనే ఉన్నది" అన్నాడు. "ముందుగాల సుట్టు కట్టాలె. ఇగ లోపలి అడ్డాలు. పెద్ద గొర్లు ఇటు, పిల్లలు అటు."

రెండు నిమిషాలు పట్టలేదు. చుట్టూ నాలుగు గోడలు లేచాయి, పైన త్రికోణం నిలిచింది, అడ్డాలు పడ్డాయి. సిలువ దగ్గర ఒక్క క్షణం ఆగి, పుల్లను సగానికి విరిచి, కొలత సరిపోయిందా అని ఒంటికన్ను మూసి చూశాడు. కింద మూడు చిన్న గీతలు పెట్టాక అట్టను వేలితో చూపించి, "డాక్టరమ్మా, ఈ నడిమి గీత నువ్వు జర వంకర గీసినవ్. నేను గూడ వంకరనే పెట్టాల్నా, సక్కగ పెట్టాల్నా?" అని అడిగాడు.

రాజరాజేశ్వరి వంగి చూసింది. పదిహేడేళ్లలో ఎవరూ చెప్పలేదు. నిజమే, ఆ గీత వంకరే.

హర్షిణి పుల్లలన్నీ కలిపేసి, అట్టను దాచేసి, అందరికీ చాయ్ తెప్పించింది. అరగంట గడిచింది. ఆ అరగంటా గొర్రెల గురించి మాట్లాడారు. ఇప్పుడు ఎల్లేశం గొర్రెలు మేపడం లేదు. తమ్ముడు వాటినీ తీసేశాడు, దిమాగ్ లేనోనికి జీవాలు ఎందుకని. పోచమ్మ ఆ సంగతి చెబుతుంటే ఎల్లేశం చాయ్ కప్పులోకి చూశాడు. "ఊర్ల పోరగాళ్లు ఎనుకకెళ్లి 'పిచ్చి ఎల్లేశం' అంటరు. మా చుట్టాలు పండుగకు పిలుస్తరు గని, ఈయనను మాట అడుగరు. పెండ్లి మాటలైనా, సావు మాటలైనా, ఈయన మొకం జూసి మాట ఆపుతరు" అంది పోచమ్మ.

అరగంట తర్వాత, అట్ట చూపించకుండా, మళ్లీ పేర్చమంది హర్షిణి. ఎల్లేశం పేర్చాడు. ముప్పైకి ఇరవై ఏడు. రాజరాజేశ్వరి స్వయంగా మార్కులు వేసింది, మళ్లీ కూడింది, ఇరవై ఏడే వచ్చింది. ట్యాబ్ పరీక్ష కోసం ఈ గదిలో కూర్చోబెట్టిన బీటెక్ కుర్రాళ్లకు ఇరవై అయిదు దాటడమే గొప్ప.

ఇప్పుడు ఆవిడ ఏమనాలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తప్పు జరిగింది, క్షమించండి అనాలి. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"చాలా బాగుందండీ. తొమ్మిదేళ్లలో మెదడు కోలుకుంటుంది. మీరు బాగా కోలుకున్నారు. ఆ మాటే రాసిస్తాను. కోర్టుకు అది చాలు."

చెప్పాక కొంచెం తేలికపడింది కూడా. పాత రిపోర్టూ నిజమే, కొత్త రిపోర్టూ నిజమే. స్కేలుకు ఢోకా లేదు, శుక్రవారానికి ఢోకా లేదు, ఎల్లేశానికి మేలు. ఎవరికీ ఏ నొప్పీ లేకుండా అయిపోయే దారి కనబడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది కదా.

హర్షిణి తల అడ్డంగా ఊపింది. "అట్ల రాస్తే పెదబాపు ఇంకా మునుగుతడు మేడమ్."

"ఎందుకు?"

"అప్పుడు పెన్సిల్‌తో ఆరు మార్కులు. ఈరోజు పొద్దున పెన్సిల్‌తోని ఆరే. కోలుకున్నడని మీరు రాస్తే, కొమురయ్య వకీలు మీ స్కేలే తీసి బల్ల మీద పెడతడు. ఇంకోసారి గీయమంటడు. పెదబాపు ఇంకో ఆరు గీస్తడు. అంతే కదా?"

"పుల్లల పరీక్ష ఉంది కదా."

"అది నేను చేసింది మేడమ్. దానికి పేరు లేదు, పుస్తకం లేదు. కోర్టుల నడిచేది మీ స్కేల్. చదువు లేనివాళ్లకి ఆ స్కేల్ పనికిరాదని మీరే చెప్పాలె. ఇంకెవరు చెప్పినా వినరు."

అమ్మాయి గొంతు పెంచలేదు. అదే ఇబ్బంది. గొంతు పెంచి ఉంటే రాజరాజేశ్వరి పెద్దరికం తెచ్చిపెట్టుకుని గదమాయించి ఉండేది.

"స్కేలు అందరికీ ఒకటే పెట్టలేదు హర్షిణీ. చదువు లేనివాళ్లకు వేరే కొలత ఉంది. ఆరోగ్యంగా ఉన్న చదువు లేనివాళ్లకు ఎన్ని మార్కులు వస్తాయో చూసి, పద్నాలుగు దగ్గర గీత గీశాను, అంతకన్నా తగ్గితేనే దెబ్బతిన్నట్టు. పట్టికలో ఉంది. నీకు తెలుసు."

"తెలుసు మేడమ్. అరవై మందిని చూసి గీసిన గీత అని పుస్తకంల ఉంది."

ఆ 'అరవై' అనే మాట దగ్గర హర్షిణి ఒక్క క్షణం ఆగింది. రాజరాజేశ్వరి చూపు తిప్పుకుంది.

అప్పుడు ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. "డాక్టరమ్మా, ఒక మాట. ఆనాడు నన్ను జూసింది నువ్వు గాదు."

రాజరాజేశ్వరి రిపోర్టు కింద ఉన్న తన సంతకం వైపు చూసింది.

"నీ దగ్గర సదువుకునే ఆమె, కండ్లద్దాలామె, ఆమె జూసింది. నీలం రంగు పెన్సిల్ ఇచ్చింది. గీయమంటే నేను చెప్పిన, తల్లీ, నేను పెన్సిల్ పట్టలే ఎన్నడు, కట్టె పట్టినోన్ని అని. ఆమె మంచిగనే మాట్లాడింది. గప్పుడు నువ్వొచ్చినవ్. పచ్చ చీర. చెవుల ఫోను. తలుపు కాడనే నిలబడ్డవ్, లోపలికి రాలె. ఆమె లేచి వచ్చి నిన్ను అడిగింది, మేడమ్, ఈయనకు పెన్సిల్ పట్టుడే వస్తలేదు, ఇంకో తీరు చూద్దమా అని. నువ్వు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి అన్నవ్, 'చదువు లేనివాళ్ల లెక్క మన పట్టికలో ఉంది కదమ్మా, చూసి రాసెయ్' అని. తలుపుకే కాయితం ఆనిచ్చి సంతకం పెట్టినవ్. ఆమె నా దిక్కు చూడలె ఇగ. పోయేటప్పుడు నాకు రెండు బిస్కెట్లు ఇచ్చింది."

ఎల్లేశం తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "గుర్తు పెట్టుకోవాలని పెట్టుకోలె. నాకు దిమాగ్ లేదన్న దినం కదా, ఎట్ల మర్చిపోత?"

పచ్చ చీర. ఉండేది. అమ్మ కొన్న చీర, ఆవిడ ఇష్టంగా కట్టుకునేది. ఆ కళ్లద్దాల విద్యార్థిని పేరు కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. తన జ్ఞాపకంలో లేని ఒక సాయంత్రాన్ని, జ్ఞాపకం లేదని తనే రాసిచ్చిన మనిషి రంగులతో సహా తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాజరాజేశ్వరికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది. ఆ చెమట వాళ్లకు కనబడుతుందేమోనని ఇంకా సిగ్గుపడింది.

"నేను లొల్లి పెట్టనీకి రాలె" అన్నాడు ఎల్లేశం. "నా బొటనేలు నాకు ఇప్పియ్యి. మా అవ్వ, అయ్య పండుకున్న జాగ అది. దాని మీద నా ముద్ర పడకుంట ఎవ్వడో పునాది తవ్వుతడంట. అంతే నా ఫికరు."

పోచమ్మ లేచి, సంచీ భుజానికి తగిలించుకుంది. "మేం కింద కూసుంటం" అంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "నువ్వు చెడ్డదానివని నేను అనుకోలే డాక్టరమ్మా. మా వంక చూడలేదు, అంతే" అని వెళ్లిపోయింది.

గదిలో ఇద్దరు మిగిలారు. హర్షిణి బీరువా లోంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. ట్యాబ్‌లోకి ఎక్కించడానికి పాత పరీక్ష కాగితాలన్నీ రాజరాజేశ్వరే ఆ పెట్టెల్లో పంపింది. అన్నీ పంపానని గొప్పగా కూడా చెప్పుకుంది.

"చదువు లేనివాళ్లది ఈ డబ్బా మేడమ్. పుస్తకంల అరవై. ఇందుల తొమ్మిది."

"ఇల్లు మారినప్పుడు పోయుంటాయి."

"పోయుంటయ్ అనే అనుకున్న. కానీ ప్రతి షీట్ మీద నంబర్ ఉంది, మీ చేతి రాత. ఒకటి నుంచి పది దాక. పదకొండు ఎక్కడా లేదు. ఆ పదిల ఏడో నంబర్ లేదు." హర్షిణి తొమ్మిది కాగితాలను వరసగా పరిచింది. ఆరుకూ ఎనిమిదికీ మధ్య కాగితమంత ఖాళీ వదిలింది. "ఇంకొకటి చూసిన. ఈ తొమ్మిదిమందీ మంచిగనే గీసిండ్రు. ఎందుకంటే, ఒకాయన టైలర్. రోజూ చాక్‌పీస్‌తో బట్ట మీద గీస్తడు. ఒకామెది కిరాణా కొట్టు. ఇద్దరు వాచ్‌మన్‌లు, రిజిస్టర్ రాస్తరు. బడికి పోలేదు కానీ అందరూ రాసేవాళ్లే. అసలు పెన్సిల్ పట్టనోళ్లు ఒక్కరు లేరు. ఏడో నంబర్ ఎవరు మేడమ్?"

రాజరాజేశ్వరి ఫోను మోగింది. తెర మీద శ్యామ్ పేరు. శుక్రవారం సభలో మాట్లాడాల్సిన ముక్కలు రాసి పంపమని మధ్యాహ్నం నుంచి అడుగుతున్నాడు. అది మోగి మోగి ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"గుర్తు లేదు" అంది రాజరాజేశ్వరి.

హర్షిణి ఆ తొమ్మిది కాగితాలను మళ్లీ పెట్టెలో సర్దింది.

అబద్ధమని మీకు చెప్పనక్కర్లేదు. కారులో కూర్చుని, జేఎన్‌టీయూ వైపు ఫ్లైఓవర్ ఎక్కే వరసలో అంగుళం అంగుళం కదులుతూ, ఆ అబద్ధాన్ని రాజరాజేశ్వరి పదిసార్లు తిట్టుకుంది. ఏడో నంబరు ఎవరో ఆవిడకు తెలుసు. ఈ పదహారేళ్లలో రోజూ పొద్దున్నే ఆ ఏడో నంబరు చేతి కాఫీ తాగాకే ఆఫీసుకు వెళ్తోంది.

అమ్మ. పుణ్యవతి.

తణుకు దగ్గర్నుంచి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చిన రోజుల్లో పుణ్యవతి కుర్రాళ్లకు మెస్ నడిపింది. నలభై మంది తినేవాళ్లు. ఎవరికి వంకాయ పడదు, ఎవరికి పప్పులో చింతపండు ఎక్కువ కావాలి, ఎవరు శనివారం ఒంటిపూట, ఎవరి ఊర్లో తండ్రికి ఒంట్లో బాగాలేదు, అన్నీ తలలోనే. కాగితం మీద ఒక్క అక్షరం లేదు, ఎందుకంటే పుణ్యవతికి అక్షరం రాదు. రాజరాజేశ్వరి పరిశోధన చేస్తున్నప్పుడు, చదువు లేనివాళ్లు దొరక్క సతమతమవుతుంటే, "నన్ను చూడకూడదా, నేనూ చదువుకోలేదుగా" అని పుణ్యవతే ముందుకొచ్చింది. పమిట కొంగుతో చేతులు తుడుచుకుని, పరీక్షకు వచ్చిన పిల్లలా కూర్చుంది. కాగితం కింద వేలిముద్ర వేసింది. పెన్సిలు పిడికిలితో పట్టుకుని అరగంట గీసింది.

అయిదు మార్కులు.

నలభై మంది ఆకలి తలలో పెట్టుకున్న మనిషికి అయిదు మార్కులు. ఆ రోజే, ఆ క్షణమే రాజరాజేశ్వరికి తెలిసింది, తప్పు అమ్మలో లేదు, పెన్సిల్లో ఉందని. తెలిసింది. ఆవిడ మూర్ఖురాలు కాదు. కానీ ఆ కాగితం ఉంచితే స్కేలు మొదలంటా మళ్లీ కట్టాలి, ఇంకో రెండేళ్లు. అది ఒక కారణం. ఇంకో కారణం దానికన్నా చిన్నది, దానికన్నా నీచమైనది. గైడుకూ తోటివాళ్లకూ మా అమ్మ పదో తరగతి అని చెప్పి ఉంది. ఆ వేలిముద్ర ఉన్న కాగితం నలుగురి చేతుల్లో పడితే ఇంటిపేరు చూసి ఎవరిదని అడుగుతారు. వెనక్కి తిప్పి ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి, నలిపి, వంటింటి చెత్తబుట్టలో పడేసింది. మిగిలిన యాభై మందినీ వెతకలేదు. పదో తరగతి వాళ్ల మార్కుల్లోంచి నాలుగేసి మార్కులు తగ్గించి, చదువు లేనివాళ్లు అని వరస నింపేసింది. అరవై అని రాసింది. ఆ వరస మీద నిలబడి ఎల్లేశం లాంటివాళ్లు ఎంతమందికి దిమాగ్ లేదని రాసిచ్చిందో ఆవిడ ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. పుణ్యవతి బాల్కనీలో కింద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. డెబ్భై నాలుగేళ్లు. కూతురిని చూసి, "ఇవాళ పెందలాడే వచ్చావే. ఒంట్లో బాగుందా?" అంది.

"బాగానే ఉందమ్మా."

"ముఖం చూస్తే లేదే. కూర్చో, మజ్జిగ తెస్తాను."

"వద్దు. నువ్వు కూర్చో." రాజరాజేశ్వరి చీరతోనే నేల మీద చతికిలబడింది. చాలా ఏళ్లైంది అమ్మ పక్కన నేల మీద కూర్చుని. ఒక గోంగూర కాడ తీసుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఎల్లేశం దగ్గర మొదలుపెట్టింది. గొర్రెలు, పెన్సిలు, పుల్లలు, దొడ్డి, సమాధులు, గురువారం. తను తలుపు దగ్గర నిలబడి సంతకం పెట్టిన సంగతి కూడా చెప్పింది. పుణ్యవతి ఆకు ఒలవడం ఆపి వింది.

"పాపం ఆయన ఎంత కుమిలిపోయాడో" అంది చివరికి. "మరి ఇప్పుడేం చేస్తావే?"

"నా స్కేలు తప్పని కోర్టులో చెప్పాలి. చెబితే ఇన్నేళ్ల పేరు పోతుంది. శుక్రవారం సభ ఉండదు. పైగా ఉత్తి మాట చెబితే నమ్మరు, కాగితం ఉండాలి. ఆ కాగితం నేనే పారేశాను." చేతిలోని గోంగూర కాడను ముక్కలుగా తుంచింది. "నీ కాగితం అమ్మా. నువ్వు గీసిన బొమ్మ. నీకు గుర్తుందో లేదో."

పుణ్యవతి గోంగూర పళ్లెం పక్కకు జరిపింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. లోపలికి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమనడం, పట్టుచీరల అట్టపెట్టె జరపడం వినబడ్డాయి. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో పాత కేలండరు కాగితంలో చుట్టిన పొట్లం ఉంది.

విప్పింది. నలిగిన కాగితం. ఎవరో అరచేత్తో రుద్ది రుద్ది చదును చేసినట్టుంది, ఒక మూల పసుపు మరక. మధ్యలో వంకర టింకర గీతలు, ఒకదానిమీద ఒకటి పడిపోతున్న గోడలు, తల వాల్చిన త్రికోణం. కింద నల్లటి వేలిముద్ర, పక్కన ఇంటిపేరుతో సహా అమ్మ పేరు. పైన మూలలో తన చేతి రాత, ఏడు అంకె.

"చెత్తబుట్టలో కనబడింది" అంది పుణ్యవతి. "బాగా గీయలేదని పారేశావనుకున్నాను. నాకేమో పారేయబుద్ధి కాలేదు. జన్మలో పెన్సిలు పట్టుకుంది ఆ ఒక్కరోజే కదా. అందుకని దాచుకున్నాను."

రాజరాజేశ్వరి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. అమ్మ ముందు తలెత్తలేకపోయింది. ఎల్లేశం ముందు పట్టింది చెమట, ఇప్పుడు పట్టింది ఏడుపు. "నీ గురించి సిగ్గుపడ్డానమ్మా" అంది వేళ్ల మధ్య నుంచి. "నీకు చదువు రాదని ఎవరికీ తెలియకూడదనుకున్నాను. దానికోసం ఇంతమందిని..."

"సిగ్గుపడ్డావని తెలుసు" అంది పుణ్యవతి. "మీ సారు ఇంటికొచ్చినప్పుడు నన్ను వంటింట్లోనే ఉండమన్నావుగా. తెలియకపోవడానికి నేనేం చిన్నపిల్లనా." మాటలో కోపం లేదు. ఆమె ఆ సంగతి ఎన్నడో మడిచి పక్కన పెట్టుకున్నట్టుంది. "గురువారం అన్నావు కదా. ఆ కాగితం నువ్వొక్కదానివీ పట్టుకెళ్లకు. గీసింది నేను, వేలు నాది. నేనొస్తాను. జడ్జిగారి ముందు ఆ పెన్సిలు మళ్లీ ఇమ్మను, మళ్లీ గీస్తాను. ఆ తర్వాత నలభై మంది కుర్రాళ్లలో ఎవరు ఏం తినేవారో అడగమను."

రాజరాజేశ్వరి తలెత్తింది. అమ్మ వైపు చూసి, పగలంతా దొరకని ఊపిరి ఇప్పుడు అందుకుంది. రేపు హర్షిణికి చెప్పాలి. ఏడో నంబరు మా అమ్మ అని చెప్పాలి. శ్యామ్‌కు కూడా చెప్పాలి. అనుకుంటూనే కాగితం కోసం చెయ్యి చాపింది.

పుణ్యవతి ఇవ్వలేదు.

"ముందు ఒక సంగతి" అంది. కాగితాన్ని మెల్లగా తిప్పింది. వెనక వైపు, నీలం సిరాతో, గబగబా రాసిన రెండు ఇంగ్లీషు వరసలు, కింద రాజరాజేశ్వరి పొడి సంతకం. సిరా కొంచెం అలుక్కుంది కానీ ప్రతి అక్షరం తెలుస్తోంది.

అక్కడ ఏముందో రాజరాజేశ్వరికి చదవకుండానే గుర్తొచ్చింది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: 'లెక్కలోంచి తీసివేయాలి. మందబుద్ధి అని అనుమానం.'

"పదహారేళ్ల నుంచి అడగాలని" అంది పుణ్యవతి. "ఎవరిచేతైనా చదివించొచ్చు. పై పోర్షన్లో చదువుకునే పిల్ల వర్షిత ఉంది, అడిగితే చదివిపెట్టేది. కానీ నువ్వు నా గురించి రాసింది పరాయివాళ్ల నోట వినడం ఎందుకులే అని ఊరుకున్నాను. గురువారం ఎటూ అందరిముందూ చదువుతారు కదా. ఈ రోజు నువ్వు చదువు."

కాగితం కూతురి చేతిలో పెట్టి, పళ్లెం ఒళ్లోకి లాక్కుని, పుణ్యవతి వినడానికి సర్దుకు కూర్చుంది.